'తర్వాత చూద్దాం' పట్టీలో పదిహేడోది

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. జీతం కాగితం మీద తప్ప అదెక్కడా కనిపించదు కూడా. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని పేరయ్య అనే పిలిచేవారు, పెళ్లిళ్ల పేరయ్య. పెళ్లిళ్లంటే మనుషులవి కాదులెండి, సాఫ్ట్‌వేర్లవి. ఒక దుకాణంలో సరుకు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, ఆర్డర్లు రాసుకునేది ఇంకొకటి ఉంటుంది. రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకదాని మొహం ఇంకొకటి చూడదు. వాటి మధ్య కూర్చుని, దీని గడిలో కొట్టింది దాని గడిలోకి దానంతటదే వెళ్లేలా ముడి వేయడం ఈయన ఉద్యోగం. పదహారేళ్లలో నూటపాతిక పైచిలుకు ముళ్లు వేశాడు.

ఇక వాటిని అమ్మే వెండర్ల సంగతి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లి అయ్యేదాకా ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని తిరుగుతారు. ఏదైనా ఒకటి ఆగిపోయిందా, ఇక చూడండి వియ్యంకుల గొడవ! "మా వైపు అంతా బాగానే ఉందండీ, అటు అడగండి" అని వీళ్లు, "మేం పంపించేశాం, వాళ్లే అందుకోలేదు" అని వాళ్లు. ఈయన ఇద్దరి మధ్యా నలిగి, తల ప్రాణం తోకకొచ్చాక, ఎక్కడో ఒక గడి పేరు తప్పు పడిందని కనిపెట్టి చిరునవ్వుతో సరిచేసేవాడు. కోపమన్నది తెలియని మనిషి.

ఈ పనిలోకి రాకముందు ఆయన ఒక గోదాములో గుమాస్తా. ఒకే చిరునామా మూడు చోట్ల కొట్టాలి: ఆర్డరులో ఒకసారి, లారీవాడి చీటీలో ఒకసారి, గేటు దగ్గర ఇంకోసారి. ఒకరోజు కళ్లు మూతలు పడుతుంటే మూడోసారి కొట్టేటప్పుడు తొమ్మిది బదులు ఆరు కొట్టాడు. కొత్తగా కాపురం పెట్టిన జంటకి వెళ్లాల్సిన మంచం ఓ ముసలాయన ఇంటి ముందు దిగింది. ఆ ముసలాయన దాన్ని వెనక్కి ఇవ్వనని రెండు రోజులు దాని మీదే పడుకున్నాడు. అందరూ పగలబడి నవ్వారు గానీ యజమాని మాత్రం ఈయన్ని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. ఆ రోజు నుంచి పేరయ్యకి ఒకటే పట్టుదల, మనిషి ఒకసారి కొట్టింది మళ్లీ కొట్టే అవసరం రాకూడదు. ఆ పట్టుదలతోనే ముప్పై దాటాక ఈ విద్య నేర్చుకున్నాడు.

ఆయన పద్ధతి కూడా ఆయనదే. ఎక్కడికి వెళ్లినా మొదటి రోజు కంప్యూటర్ తెరవడు. పనిచేసేవాళ్ల వెంట కాలికి బలపం కట్టుకుని తిరుగుతాడు, వాళ్లు దేనికి విసుక్కుంటున్నారో, ఏది ఎవరికి నోటితో చెబుతున్నారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాడు. పుస్తకంలో ఎడమవైపు పేజీ మీద 'ఇప్పుడే' అని ఉంటుంది. కుడివైపు పేజీ మీద 'తర్వాత చూద్దాం' అని ఉంటుంది. ఎడమ పేజీలోవి పూర్తవగానే రెండు సాఫ్ట్‌వేర్లనీ కలిపి నడిపించేస్తారు. కుడి పేజీలో కొన్నిటికి ఎప్పటికో మోక్షం వస్తుంది, చాలావాటికి రాదు. ఈ పనిలో ఉన్న ఎవరి పుస్తకం తీసినా ఇంతే.

అలా ఒకసారి డయాలసిస్ కేంద్రానికి వెళ్లాడు. మూత్రపిండాలు పనిచేయని వాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, మిషను పక్కన నాలుగు గంటలు పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళ్లే చోటు అది. అరవైముగ్గురు రోగులు. వాళ్లని ఇళ్ల దగ్గర ఎక్కించుకు రావడానికి ఒక వ్యాన్ల కంపెనీ ఉంది. కేంద్రానికో సాఫ్ట్‌వేర్, వ్యాన్లకో సాఫ్ట్‌వేర్. రెండింటి మధ్యా ఒక ఆడమనిషి, ఒక ఫోను.

ఆవిడ ముందు బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా. డాక్టర్లతో సహా అందరికీ అక్కే. ఉదయం అయిదున్నరకే ఫోను చెవికి ఆనించేది. "బాబూ, మూడో అంతస్తు తాతగారింట్లో లిఫ్టు ఆగిపోయింది, నువ్వే పైకెళ్లి పట్టుకో" అనేది ఒకడితో. "పంతులమ్మగారిని వెనక సీట్లో కూర్చోబెట్టకు, వాంతి చేసుకుంటుంది, నీ బండే పాడవుతుంది" అనేది ఇంకొకడితో. ఇవన్నీ ఆవిడ తన సాఫ్ట్‌వేర్‌లో 'గమనిక' అనే గడిలో రాసి పెట్టుకుంది. ఒక్కొక్కటీ రామాయణమంత. పేరయ్య అవి చదువుతూ ఒకటే నవ్వు.

"నవ్వకు తమ్ముడూ," అంది అక్క. "ఇవి చెప్పకపోతే ఆ డ్రైవర్లు సగంమందిని తీసుకురారు."

మర్నాడు ఆయన వ్యాన్ ఎక్కాడు. డ్రైవరు పాతకాపు, ఆ దారిలో ప్రతి గుమ్మం తెలిసినవాడు. ఒక బజారులో షట్టరు దించి ఉన్న కుట్టు దుకాణం ముందు బండి ఆపకుండా, పక్క సందులోకి తిప్పి వెనకగా ఆపాడు. దిగి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఒక పెద్దావిడని చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడకి చెవులు బొత్తిగా వినపడవు. ఒకప్పుడు ఆ వీధిలో సగం మంది రవికెలు ఆవిడ కుట్టినవే. ఇప్పుడు దుకాణం మూసేసి, వెనక గదిలో ఒక్కతే ఉంటోంది. ముందువైపు ఎంత హారను కొట్టినా ఆవిడకి తెలియదు.

బండిలో ఎదురుగా కూర్చున్న పేరయ్య చొక్కా కేసి ఆవిడ కాసేపు చూసి, సంచిలోంచి సూదీ దారం తీసింది.

"ఆ గుండీ ఊడిపోతోంది నాయనా, ఇలా రా. కాసేపైతే నన్ను నాలుగు గంటలు పొడుస్తారు, ఈలోపు నన్నూ ఒకణ్ణి పొడవనీ."

బండంతా నవ్వింది. వేగం తగ్గించమని డ్రైవరుకి సైగ చేసి, కదిలే బండిలో నాలుగే నాలుగు పోట్లతో గుండీ కుట్టేసింది. పేరయ్య పుస్తకంలో ఆ రోజు రాసుకున్నాడు: గమనిక గడి, అటు పంపాలి.

ఎడమ పేజీలోనే రాసుకున్నాడు. అది నిజం. కానీ పని మొదలయ్యాక చూస్తే వ్యాన్ల సాఫ్ట్‌వేర్‌లో గమనికకి నలభై అక్షరాలకి మించి చోటు లేదు. వెండరుని అడిగాడు. "వచ్చే వెర్షన్‌లో పెంచుతున్నామండీ" అన్నాడు ఆ మహానుభావుడు. అక్క రాసిన అరవైమూడు రామాయణాలనీ కూర్చుని నలభై అక్షరాలకి కుదించాలి. ఒక పూట పని, మహా అయితే ఒక రోజు. ఆ వారం ఆ ఒక్క రోజూ దొరకలేదు. కేంద్రం వాళ్లు తేదీ ప్రకటించేశారు, పేరయ్య మేనేజరు రోజుకి రెండుసార్లు "అయిందా, అయిందా" అని నెత్తిన కూర్చున్నాడు. పేరయ్య ఆ వరుసని ఎడమ పేజీలో కొట్టేసి కుడి పేజీలోకి మార్చాడు. అది పదిహేడోది.

ముడి పడే ముందు శనివారం అక్క అడిగింది.

"మరి నేను ఫోన్ చేసి చెప్పేవన్నీ?"

"ఇంక నువ్వు ఫోన్ చెయ్యక్కర్లేదక్కా," అన్నాడు పేరయ్య, సంతోషంగా. "ఇన్నాళ్లూ చేసింది చాలు. ఇక అంతా దానంతటదే వెళ్లిపోతుంది."

ఎంత మంచి మనసుతో అన్నాడో ఆ మాట! అక్కని సోమవారం నుంచి పై అంతస్తులో పాత ఫైళ్లు సర్దమన్నారు.

ఆ వారం ఏం జరిగిందో పేరయ్యకి తెలిసింది పదిహేను రోజుల తర్వాత. ఈలోపు అందరూ చప్పట్లు కొట్టారు, మేనేజరు భుజం తట్టాడు. ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, కుట్టు దుకాణం పెద్దావిడ పోయింది."

పేరయ్య వెంటనే బయల్దేరి వెళ్లాడు. అక్క మేడ మెట్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. ముడి పడ్డాక వ్యాన్ల సాఫ్ట్‌వేర్ ఏ బండి దగ్గరుంటే దాన్ని పంపుతుంది కదా, సోమవారం ఎవరో కొత్త డ్రైవరు వెళ్లాడు. షట్టరు ముందు ఆపి, హారను కొట్టి, అయిదు నిమిషాలు చూసి, 'రాలేదు' అని నొక్కి వెళ్లిపోయాడు. బుధవారం ఇంకొకడు, అదే తంతు. రెండుసార్లు రాని మనిషిని పట్టీలోంచి తీసేయడం వ్యాన్ల సాఫ్ట్‌వేర్‌లో నియమం. శుక్రవారం బండే వెళ్లలేదు. మిషను దగ్గర నర్సులకి తెర మీద 'రాలేదు' అని కనిపించింది, ఎక్కడో పెద్దాసుపత్రిలో చేరి ఉంటుందిలే అనుకుని ఆ మంచం వేరేవాళ్లకి ఇచ్చారు. మరుసటి సోమవారం పొరుగింటావిడ చూసేసరికి ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడక ఉంది. మంగళవారం ఆస్పత్రిలో పోయింది.

"నిన్న వాళ్ల చెల్లెలు వచ్చింది తమ్ముడూ," అంది అక్క. "గొడవ పెట్టుకోడానికి కాదు. ఒకటే అడిగింది, మా అక్క రానని చెప్పిందా అని. కింద నా చోట్లో కూర్చున్న కొత్త పిల్ల తెర తిప్పి చూపించింది, 'రాలేదు, రాలేదు' అని. ఆవిడ చూసి, తల ఊపి వెళ్లిపోయింది. గేటు దగ్గర కూలబడి ఏడుస్తుంటే నేనే వెళ్లి నీళ్లిచ్చాను."

"ఎందుకలా అడిగింది?"

"ఆ మొదటి సోమవారానికి ముందురోజు ఇద్దరికీ మాటా మాటా వచ్చిందట. ఈ సూదులు నా వల్ల కాదు, మానేస్తానని పెద్దావిడ అందట. ఈవిడకి ఒళ్లు మండి, మానేసి చావు, నా ప్రాణం సుఖపడుతుంది అని రాసి చూపించిందట. వినపడదు కదా, కాగితం మీద రాసి చూపించింది. నేనన్నానని నిజంగానే మానేసి చచ్చిపోయింది అంటోంది."



మర్నాడు ఇద్దరు వెండర్లనీ, పేరయ్య మేనేజరునీ పిలిచి సమావేశం పెట్టారు. మీరు ఊహించినట్టే జరిగింది. కేంద్రం సాఫ్ట్‌వేర్ వాళ్లు "పేరూ చిరునామా సరిగ్గానే పంపాం" అన్నారు. వ్యాన్ల వాళ్లు "ఆ చిరునామాకే వెళ్లాం, ఇదిగో సమయం" అన్నారు. పేరయ్య మేనేజరు "మా మధ్యలో ఏదీ ఆగలేదు" అన్నాడు. ముగ్గురి మాటా నిజమే. ముగ్గురూ చేతులు దులుపుకుని టీ తాగారు. పదిహేడో వరుస గురించి ఎవరూ అడగలేదు. పేరయ్య చెప్పబోయి నీళ్లు నమిలాడు. పదహారేళ్లలో ఆయన్ని ఆయన అసహ్యించుకున్న మొదటి రోజు అది.

తన బల్ల దగ్గరికి వచ్చి, చేసే పని ఏమీ తోచక, ఆ గమనిక కుదించడానికి కూర్చున్నాడు. మొదట పెద్దావిడదే తీశాడు. 'తలుపు వెనక సందులో. చెవులు వినపడవు.' నలభై లోపే సరిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పుడొక అనుమానం వచ్చింది. రానివాళ్లకి కేంద్రం నుంచి ఒక మెసేజ్ వెళ్తుంది: 'మీరు ఈ రోజు రాలేదు. ఈ నంబరుకి ఫోన్ చేయండి.' చెవులు వినపడని మనిషి ఫోన్ ఎలా చేస్తుంది? చేస్తే గిస్తే ఆ మెసేజ్‌కే జవాబు ఇస్తుంది. ఆ జవాబులు ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు గనుక, ఏ గడికీ ముడిపడని వాటన్నిటికీ పేరయ్యే ఒక పెట్టె చేసి పెట్టాడు. దానికి 'అనాథలు' అని పేరు కూడా ఆయనే పెట్టాడు. ఈ వృత్తిలో అందరూ అలాగే పెడతారు, ఎవరూ తెరిచి చూడరు. ఇప్పుడు తెరిచాడు. రెండువందల పైగా ఉన్నాయి. 'సరే'లు, 'థాంక్స్'లు, దండం బొమ్మలు. వాటి మధ్యలో ఒకే నంబరు నుంచి మూడు.

చదివి, లేచి, ముఖం కడుక్కుని వచ్చి, మళ్లీ చదివాడు. తర్వాత మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"ఇది ఆవిడ చెల్లెలికి చూపించాలండీ."

మేనేజరు చెడ్డవాడేం కాదు. పాపం, అతనికీ ముచ్చెమటలు పట్టాయి. "పేరయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇది బయటికొస్తే ఇద్దరు వెండర్లూ కలిసి మనల్నే బలిపెడతారు. మీ ఉద్యోగం, నా ఉద్యోగం, అందరివీ పోతాయి. ఆవిడ ఎలాగూ తిరిగి రాదు కదా. వదిలెయ్యండి."

పేరయ్య భార్య బడిలో లెక్కలు చెబుతుంది, ఇంట్లో కూడా మాట తిన్నగా ఉంటుంది. భోజనం దగ్గర ఆయన ముద్ద కలుపుతూ నోట్లో పెట్టుకోకపోతే ఏమిటని నిలదీసింది. మొత్తం విన్నది.

"ఆవిడ తిరిగి రాదు, సరే. చెల్లెలు బతికే ఉంది కదండీ? తను అన్న మాటకే అక్క చచ్చిపోయిందనుకుని బతకమంటారా ఆవిణ్ణి?"

"చెబితే నన్నేమంటుందో..."

"అననివ్వండి. అనిపించుకోడానికి కూడా ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి కదా."

శనివారం పొద్దున్నే వెళ్లాడు. ఊరికి ఆ చివర, ఒక మేడలో మెట్ల పక్క వాటా. చెల్లెలు కూడా అరవై దాటిన మనిషే. తలుపు తీసి, ఆయన్ని ఎగాదిగా చూసి, "మిషను అమ్మట్లేదండీ. ఎవరు చెప్పారో మీకు" అంది. వెనకాల గదిలో దుప్పటి కప్పిన కుట్టుమిషను కనిపించింది.

"మిషను కోసం కాదమ్మా. మీ అక్కగారి గురించి."

లోపలికి రమ్మంది. కుర్చీ చూపించింది గానీ ఆయన కూర్చోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"మీ అక్కగారు మానెయ్యలేదమ్మా. బండి ముందువైపు షట్టరు దగ్గర ఆగి వెళ్లిపోయింది. వెనక తలుపు సంగతి డ్రైవర్లకి చెప్పలేదు. చెప్పేలా చెయ్యాల్సింది నేను. నాకు తెలుసు కూడా. నేను ఆ బండిలో వచ్చాను, ఆ తలుపు చూశాను. పని తొందరలో తర్వాత చూద్దామని వదిలేశాను."

ఆవిడకి సగం అర్థమైంది, సగం కాలేదు. "తెర మీద రాలేదని ఉంది కదా. నేను కళ్లారా చూశాను. నేను చావమన్నాను బాబూ, నా చేత్తో రాసి..."

"ఇవి చూడండమ్మా," అని జేబులోంచి కాగితం తీసిచ్చాడు. మూడు మెసేజులూ అచ్చు వేయించి తెచ్చాడు, తేదీ, సమయంతో సహా.

ఆవిడ కళ్లద్దాలు వెతుక్కుంది. కిటికీ దగ్గరికి వెళ్లి, పిల్లలు చదివినట్టు కూడబలుక్కుంటూ పైకే చదివింది.

సోమవారం: 'అయ్యా, నేను తయారుగానే ఉన్నాను. బండే రాలేదు.'

బుధవారం: 'వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్కసారి ఇటు చూడమనండి.'

శుక్రవారం దగ్గర ఆగింది. మొదట కళ్లతో చదువుకుంది, తర్వాత పెదవులు కదిలాయి. 'కాళ్లు వాచాయి. మా చెల్లికి ఫోన్ చెయ్యకండి, నా మీద కోపంగా ఉంది. నాకు నయమయ్యాక నేనే వెళ్తాను. రేపైనా బండి పంపండి.'

పేరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు, కొడుతుందేమో అని కూడా అనుకున్నాడు, కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ ఆయన్ని చూడను కూడా లేదు. గోడకి ఆనుకుని నేల మీదికి జారి కూర్చుని, చిన్నప్పుడు పోట్లాడినట్టే అక్కతో పోట్లాడింది.

"నాకు చెప్పొద్దంటే మరి ఇంకెవరికి చెప్పావే? ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదే మొద్దూ! నోరు లేదా నీకు? మూడు రోజులు అలా కూర్చుంటావా? ఎవరికో ఒకరికి చెప్పొద్దూ!"

పేరయ్య ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేకపోయాడు.

"చెప్పిందమ్మా," అన్నాడు. "మాకే చెప్పింది."